రహీం సాహెబ్ అనే బడిపంతులు

అస్ర్ నమాజు ముగియగానే మా మదర్సా విద్యార్థులు బంతి తీసుకొని మైదానానికి పరుగెత్తుతారు. మార్కాపురం ఎండ అప్పటికి ఇంకా చల్లబడదు. మొన్న ఒక తండ్రి, పలకల కార్ఖానాలో కూలి చేసి కొడుకును చదివిస్తున్న మనిషి, ఆ దృశ్యం చూసి నొచ్చుకున్నారు. "మౌల్వీ సాబ్, చదువుకొమ్మని పంపితే బంతి తంతున్నారా?" అని అడిగారు. ఆయన బాధ న్యాయమైనదే. నేను ఆయనను కూర్చోబెట్టి సయ్యద్ అబ్దుర్రహీం గారి సంగతి చెప్పాను.

1909లో జన్మించిన ఈ హైదరాబాదు వాసి వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో ఆయన పోటీలు నడిపేవారు. ఉపాధ్యాయుడికే తట్టే ఆలోచన అది!

భారత జట్టు ఆయన శిక్షణలో 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. అయినా 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక 1962, జకార్తా. రహీం గారి దేహాన్ని అప్పటికే క్యాన్సర్ తినివేస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మన జట్టును 2-0తో ఓడించింది. రాజకీయ వివాదం వల్ల ప్రేక్షకులు సైతం మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. రక్షణ శ్రేణిలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమైతే రహీం గారు ఆయనను ఇంటికి పంపలేదు, ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ మరొకటి చేయగా మనం 2-1తో గెలిచాము. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాల్లో ఎదిగినవారే.

1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తరువాత స్వర్ణం దక్కనే లేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం మాత్రం వచ్చింది, అప్పటి నాయకుడు నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే.

ఆ తండ్రి మౌనంగా విన్నారు. లేచి వెళుతూ మైదానం వైపు కాసేపు చూసి, "మావాడు ఎడమకాలు అసలు వాడటం లేదు, మౌల్వీ సాబ్" అన్నారు.