చుక్కంత దేశం వోటు వేసింది

పిల్లల అట్లాసు ఇంట్లో ఉంటే ఒకసారి ముందు వేసుకోండి. ఆఫ్రికాకు కుడిపక్కన మడగాస్కర్ అని పెద్ద ద్వీపం కనిపిస్తుంది. అక్కడినుంచి వేలు ఇంకొంచెం తూర్పుకు జరపండి. మారిషస్ అని అచ్చువేసి ఉంటుంది. ద్వీపం మాత్రం ఒక పట్టాన కనబడదు. పేరుకే చోటు ఎక్కువ పట్టింది, దేశానికి పట్టలేదు. 1865 చదరపు కిలోమీటర్లు. పాత మెదకు జిల్లాలో అయిదోవంతు అనుకోండి.

ఆ చుక్కలో మనవాళ్ళున్నారు. ఇంగ్లీషు దొరలు 1835లో అక్కడ బానిసత్వం రద్దు చేశారు. చెరుకు తోటల్లో పనిచేయడానికి మనుషులు కావలసివచ్చి, 1834 మొదలు హిందూదేశంనుంచి ఒప్పందపు కూలీలను ఓడల్లో దింపారు. అందరూ కలిసి సుమారు నాలుగున్నర లక్షలమంది. ఎక్కువమంది బీహారు వైపువాళ్ళు. భోజ్‌పురిలో ఆ దీవిని మారీచదేశం అనేవారట. అక్కడ రాళ్ళు తిరగేస్తే కింద బంగారం దొరుకుతుందని దళారులు నమ్మబలికారట. రామాయణం వింటూ పెరిగినవాళ్ళు మారీచుడి పేరు విని కూడా బంగారానికి మోసపోయారంటే, ఊళ్ళో ఆకలి ఎంతటిదో మీరే ఊహించుకోండి. మన గోదావరి, విశాఖ ప్రాంతాలనుంచీ చాలామంది వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద తెలుగువాళ్ళను అక్కడ కొరింగీలు అన్నారు. ఈనాటికీ అక్కడ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన ఉన్నాయి. ఉగాదికి దేశమంతటికీ సెలవు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా అక్కడే. జనాభాలో మనవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు.

ఈ సంగతులు క్లాసులో చెబుతూ, మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమైందనీ, అంతకుముందు దానికోసం వోటు జరిగిందనీ అన్నాను. వెనక బెంచీలోనుంచి ఒక అమ్మాయి లేచింది. “స్వాతంత్ర్యం వద్దని ఎవరైనా వోటు వేస్తారా సార్?” అని అడిగింది.

వేశారమ్మా. నూటికి నలభైమందికి పైగా వేశారు.

మనకిది వింతగానే ఉంటుంది. మన ఇళ్ళల్లో స్వాతంత్ర్యమంటే జైలుకు వెళ్ళిన తాతగారి ఫోటో, పందిరిగుంజకు కట్టిన జెండా. అది అక్కరలేదనేవాడు దొరల తొత్తే అయి ఉండాలనుకుంటాం. మారిషస్‌లో కథ అలా లేదు. సంగతి తెలియాలంటే 1965 సెప్టెంబరులో లండనులో జరిగిన సమావేశం దగ్గరికి వెళ్ళాలి. ఒక పక్క సర్ శివసాగర్ రాంగూలాం. బీహారునుంచి వచ్చిన కూలీ కొడుకు, లండనులో వైద్యం చదివిన డాక్టరు, లేబరుపార్టీ నాయకుడు. ఆయనకు సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలి. రెండవ పక్కన పి.ఎమ్.ఎస్.డి. అనే పార్టీ. దాని నాయకులు జూల్ కెనీగ్, గాయెటాన్ డ్యువాల్ అనే న్యాయవాదులు. డ్యువాల్ మంచి మాటకారి, షోకుగా తిరిగే మనిషి. జనం ఆయన్ను ‘క్రియోలు రాజు’ అని మురిసిపోయేవారు. వీరి కోరిక బ్రిటనుతో సంబంధం తెంచుకోకుండా అనుబంధ రాజ్యంగా ఉండాలని. అందుకు విడిగా జనాభిప్రాయ సేకరణ జరపాలన్నారు. వలసల మంత్రి గ్రీన్‌వుడ్ దొరగారు అందుకు ఒప్పుకోలేదు. సాధారణ ఎన్నికలు జరగనివ్వండి, కొత్త శాసనసభలో సగానికి ఒక్కరు ఎక్కువ కోరినా స్వాతంత్ర్యం ఇస్తామన్నారు. ఆ విధంగా ఎన్నికే అభిప్రాయసేకరణ అయి కూర్చుంది.

అనుబంధం కోరినవాళ్ళకు కారణాలు లేకపోలేదు. ద్వీపం ఎగుమతుల్లో నూటికి తొంభైకి పైగా ఒక్క పంచదారే. ఆ పంచదారకు బ్రిటను ఇస్తున్న ధర బజారు ధరకంటె మెరుగు. తుపాను వస్తే పంట మొత్తం పోతుంది. 1960లో కరోల్ తుపాను అదే పని చేసి చూపించింది. జనాభా దూసుకుపోతున్నది. తరువాత నోబెల్ బహుమతి అందుకున్న జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త 1961 నాటి నివేదికలో ఈ దీవి భవిష్యత్తు ఏమంత ఆశాజనకంగా లేదన్నట్టే రాశాడు. ఇల్లు గడవదని పెద్ద పండితుడే అంటుంటే వేరుకాపురానికి తొందరేమిటని సామాన్యుడు జంకడా!

పైకి చెప్పే కారణాలు ఇవి. లోపలి కారణం ఇంకొకటి. ద్వీపంలో సగంమందికి పైగా హిందువులు. తోటల యజమానులైన ఫ్రెంచివారు పిడికెడుమంది. ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల సంతతివారు, మిశ్రమ సంతతివారు అయిన క్రియోలులు చాలామంది. దొర వెళ్ళిపోతే లెక్క ప్రకారం హిందువులే ఎప్పటికీ ఏలుతారని వీళ్ళ భయం. ‘మలబారులు మాకు వద్దు’ అన్న నినాదం ఆనాటి వీధుల్లో వినబడింది. మలబారుకూ బీహారుకూ, కోరంగికీ సంబంధం ఏమిటంటారా? వింధ్యకు ఇవతల ఉన్నవాళ్ళందరినీ ఢిల్లీవాళ్ళు మద్రాసీలు అనలేదూ? అదే మర్యాద అక్కడా జరిగింది.

ఈ భయం మా మెట్టుగూడవాళ్ళకు కొత్త కాదు. ఇక్కడి రైల్వే క్వార్టర్లలోను, పక్కనే లాలాగూడాలోను ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎన్నో ఉండేవి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు. వాళ్ళు ఎవరికీ కీడు తలపెట్టలేదు. అయినా 1947 తరువాత ఒక్కొక్క ఇల్లే ఖాళీ అయింది. ఇంగ్లండు అన్నారు, ఆస్ట్రేలియా అన్నారు. వెళ్ళమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఉండమని కూడా ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. మారిషస్‌లోనూ వోటు అయిన తరువాత క్రియోలు, ఫ్రెంచి కుటుంబాలు వేలాదిగా ఓడలెక్కాయి. ఎక్కువమంది దిగింది ఆస్ట్రేలియాలోనే.

వోటింగు 1967 ఆగస్టు 7న జరిగింది. వోటర్లు మూడు లక్షల పైచిలుకు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది వచ్చి వేశారు. మొత్తం 62 స్థానాల్లో రాంగూలాంగారి కూటమికి 39, పి.ఎమ్.ఎస్.డి.కి 23 వచ్చాయి. ఇక్కడ వాళ్ళ ఏర్పాటు ఒకటి చెప్పుకోవాలి. ఏ వర్గానికీ మరీ అన్యాయం జరగకుండా, ఓడిపోయినవాళ్ళలో బాగా వోట్లు వచ్చిన 8 మందిని సభలోకి తీసుకుంటారు. ‘ఉత్తమ పరాజితులు’ అనవచ్చునేమో! పరీక్ష తప్పినవాళ్ళలో మొదటి ర్యాంకు ఇచ్చినట్టుందని నవ్వవద్దు. ఓడినవాణ్ణి బయట నిలబెట్టకుండా లోపల కుర్చీ వేయడం చిన్న విషయం కాదు. వాళ్ళతో కలిపి బలాబలాలు 43, 27. ఆగస్టు 22న సభ స్వాతంత్ర్యం కోరుతూ తీర్మానించింది.

అంతా సవ్యంగా జరిగిందనుకోకండి. జెండా ఎగరడానికి రెండు నెలలముందు, 1968 జనవరిలో, రాజధాని పోర్ట్ లూయీలో క్రియోలులకూ ముస్లిములకూ మధ్య కొట్లాటలు చెలరేగాయి. బ్రిటిషు సైన్యం దిగవలసివచ్చింది. ఉత్సవానికి రావలసిన రాకుమారి అలెగ్జాండ్రా ప్రయాణం మానుకున్నది. అయినా ముహూర్తం ఆగలేదు. గాంధీగారు దండికి బయలుదేరిన రోజు గనుక మార్చి 12 ఎన్నుకున్నారని చెబుతారు.

నాకు నచ్చిన ఘట్టం ఆ తరువాతిది. వద్దు వద్దని ఊరూరా తిరిగిన డ్యువాల్, 1969 చివర రాంగూలాంగారితో చేతులు కలిపి ఆ స్వతంత్ర దేశానికే విదేశాంగమంత్రి అయ్యారు. పిల్లవాడు పుట్టకూడదన్న మేనమామే పేరు పెట్టి ఊయల ఊపినట్టయింది. ఈ స్నేహానికి ధర కూడా పలికింది లెండి. జరగవలసిన ఎన్నికలను 1976 దాకా వాయిదా వేసుకున్నారు. అది నాకు నచ్చలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మారిషస్‌కు తూర్పున 500 కిలోమీటర్లకు పైన రోడ్రిగ్స్ అని ఇంకా చిన్న దీవి ఉన్నది. జనం దాదాపు అందరూ క్రియోలులే. వాళ్ళు జన్మలో మొదటిసారి వోటు వేసింది 1967లోనే. వేసినవాళ్ళు దాదాపు మూకుమ్మడిగా స్వాతంత్ర్యం వద్దన్నారు. రెండు స్థానాలూ పి.ఎమ్.ఎస్.డి.కే. కాని లెక్క కలిపి చేశారు గనుక వాళ్ళ ‘వద్దు’ పెద్ద దీవి ‘కావాలి’లో మునిగిపోయింది. తమ వ్యవహారాలు తాము చూసుకునే ప్రాంతీయ సభ వాళ్ళకు 2002లో గాని రాలేదు.

అదే సముద్రంలో కొమొరో దీవులున్నాయి. 1974 డిసెంబరులో అక్కడ వోటు జరిగితే మూడు దీవులు స్వాతంత్ర్యం కావాలన్నాయి. మయోట్ అనే నాలుగోది వద్దన్నది. ఫ్రాన్సు ఈ నాలుగోదాని లెక్క విడిగా చూసి తన దగ్గరే అట్టేపెట్టుకున్నది. కొమొరో ఇప్పటికీ అది మాది అంటూనే ఉన్నది. కరీబియన్ సముద్రంలో ఆంగ్విలా అనే బుల్లిదీవి 1967 జూలైలో పొరుగుదీవి పెత్తనం మాకొద్దని వోటు వేసింది. విడిపోదామన్నవారు 1813, వద్దన్నవారు అయిదుగురు. ఆ అయిదుగురూ మరునాడు బజారుకు ఏ మొహంతో వెళ్ళారో!

వోటు వేయించడం సులభమే. ఏ గీతలోపల లెక్కపెట్టాలి అన్నదే కష్టం. ఆ గీత గీసేవాడు సగం ఫలితం ముందే రాసేస్తాడు. మనకూ ఇది తెలియంది కాదు. 1954 అక్టోబరు 18న ఫ్రెంచి స్థావరాల భవిష్యత్తు తేల్చడానికి పుదుచ్చేరి దగ్గర కీళూరులో 178 మంది ప్రతినిధులు వోటు వేస్తే 170 మంది భారతదేశంలో చేరదామన్నారు. కోరంగికి పక్కనే ఉన్న మన యానాం కూడా ఆ లెక్కలోదే. కాని దాని తీర్పు పుదుచ్చేరి, కారైకాల్‌లతో కలిపి కట్టిన మూటలో ఉన్నది. ఇక తెలంగాణ మాట. ఫజల్ అలీ సంఘం 1955లో, హైదరాబాదు రాష్ట్రాన్ని ప్రస్తుతానికి విడిగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత ఇక్కడి సభలో మూడింట రెండువంతులమంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చునన్నది. ఆ వోటు జరగనే లేదు. 1956 నవంబరు 1న కలిపారు. 2014 జూన్ 2న విడిపోయాము. ఆ వోటు జరిగి ఉంటే ఫలితం ఎలా ఉండేదో ఎవరికి తోచినట్టు వారు చెబుతారు. నేను చెప్పబోయేది అది కాదు. అడిగి కలిపితే ఒక తీరు, అడగక కలిపితే ఒక తీరు.

మారిషస్ కథలో అసలు అడగనే అడగనివారు కూడా ఉన్నారు. కన్యాకుమారికి దక్షిణాన సుమారు 1800 కిలోమీటర్ల దూరంలో చాగోస్ దీవులున్నాయి. లండను సమావేశం జరుగుతుండగానే బ్రిటిషు ప్రధాని విల్సన్ రాంగూలాంగారిని విడిగా పిలిపించి, ఆ దీవులు వదులుకుంటే పని తేలికవుతుందని తెలిసేటట్టు మాట్లాడారు. 1965 నవంబరు 8న వాటిని మారిషస్‌నుంచి కోసి వేరుచేశారు. పరిహారం ముప్పై లక్షల పౌండ్లు. డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం రావాలి. అందుకని 1973 నాటికి అక్కడి కొబ్బరితోటల జనాన్ని, సుమారు 1500 నుంచి 2000 మందిని, మొత్తంగా ఖాళీ చేయించారు. చాలామందిని పోర్ట్ లూయీ రేవులో దింపి వెళ్ళిపోయారు.

ఆ కోత చెల్లదని 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న బ్రిటను, మారిషస్‌లు ఒడంబడికకు వచ్చాయి: దీవులమీద హక్కు మారిషస్‌ది, డీగో గార్సియా మాత్రం 99 ఏళ్ళ కౌలుకు బ్రిటనుకు. ఆ తెల్లవారుజామున చాగోస్‌లో పుట్టిన ఇద్దరు స్త్రీలు, మమ్మల్ని అడగకుండా మా ఊరు ఎలా ఇస్తారని లండను కోర్టు తలుపు తట్టారు. జడ్జిగారు స్టే ఇచ్చారు. మధ్యాహ్నానికి స్టే ఎత్తివేశారు. సాయంత్రంలోగా సంతకాలు అయిపోయాయి.