వంక పెట్టని నోరు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో స్థిరపడిన నా మేనల్లుడు ఇటీవల ఒక ఛాయాచిత్రం పంపాడు. అతడు కొత్తగా కొన్న ఇంటి కంచె పొడవునా మనిషి ఎత్తును మించి పెరిగిన మొక్కలు. వాటి కొనలపై చిన్న పొద్దుతిరుగుడు పూలను పోలిన పసుపుపచ్చని పూలు. కింద ఇలా రాశాడు: "మామూజాన్, దీని పేరు జెరూసలేం ఆర్టిచోక్ అని పొరుగువారు చెప్పారు. సన్‌చోక్ అని కూడా అంటారట. మట్టిలో అల్లం కొమ్ముల వంటి దుంపలున్నాయి. బైతుల్ మఖ్దిస్ నేలకు చెందిన మొక్క మా పెరట్లో ఉండడం ఎంత శుభం! తబర్రుక్‌గా భావించి తినవచ్చునా?"

అతని భక్తిభావానికి సంతోషించాను. అయితే అందిన వార్తను విచారించి నిర్ధారించుకోవాలని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ అధ్యాయం మనకు బోధిస్తున్నది. కనుక ముందుగా ఆ పేరు సంగతి విచారించాను.

ఈ మొక్కకు జెరూసలేంతో ఏ సంబంధమూ లేదు. దీని పుట్టినిల్లు ఉత్తర అమెరికాయే. ఐరోపావారు అక్కడ అడుగుపెట్టక పూర్వమే స్థానిక ఆదివాసులు దుంపల కోసం దీనిని సాగు చేసేవారు. ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లేన్ 1605లో కేప్ కాడ్ తీరంలో ఈ దుంపలను చూసి, రుచిలో ఆర్టిచోక్ అనే కూరగాయను పోలి ఉన్నాయని రాశాడు. పొద్దుతిరుగుడును ఇటలీ భాషలో 'జిరసోలె' అంటారు. ఆ మాటే ఆంగ్లేయుల నోట 'జెరూసలేం'గా మారిందని పలువురి అభిప్రాయం. ఫ్రాన్సులో మరొక పొరపాటు జరిగింది. 1613లో బ్రెజిల్ నుండి టుపినంబా తెగవారిని కొందరిని పారిస్ నగరానికి తీసుకువచ్చారు. ఆ రోజుల్లోనే ప్రచారంలోకి వచ్చిన ఈ దుంపకు వారి పేరు అంటగట్టి 'టోపినాంబూర్' అన్నారు. ఆ పేరూ దానిది కాదు.

లేని గౌరవం ఒక పేరు వల్ల వచ్చినట్లే, తగని అగౌరవం కూడా ఈ దుంపకు తప్పలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీ సైన్యం ఫ్రాన్సును ఆక్రమించి, అక్కడి బంగాళాదుంపలను తన అవసరాలకు తరలించుకుపోయింది. ప్రజలు టోపినాంబూర్‌తో, రుటబాగా అనే మరొక దుంపతో కడుపు నింపుకున్నారు. యుద్ధం ముగిశాక ఆ దుంపలను చూస్తేనే ఆకలి రోజులు గుర్తుకు వచ్చి, ఆ తరంవారిలో అనేకులు వాటిని మళ్లీ ముట్టలేదు. వారు పడిన బాధను నేను తక్కువ చేయను. కానీ గడ్డుకాలంలో ప్రాణం నిలిపిన దుంప చేసిన నేరమేమిటి? నేడు అదే దుంపను అక్కడి పెద్ద భోజనశాలల్లో ప్రియమైన వంటకంగా వడ్డిస్తున్నారు.

దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ ఎన్నడూ వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే మౌనంగా వదిలేసేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఒకసారి ఇంట్లో సిర్కా తప్ప మరే ఆదరువూ లేనప్పుడు దానినే తెప్పించుకుని, మెచ్చుకుంటూ భుజించారు.

ఈ హదీసులు విద్యార్థులకు బోధించే ప్రతిసారీ నాకు మా అమ్మీ గుర్తుకు వస్తుంది. పన్నెండేళ్ల వయసులో నేను మదర్సాకు బయలుదేరినప్పుడు ఆమె జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం మూటగట్టి ఇచ్చింది. తోటివారు గోధుమ పరాఠాలు విప్పడం చూసి, సిగ్గుతో నా మూటను పెట్టె అడుగున దాచాను. రొట్టెలు బూజు పట్టాయి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు "అందరూ కలిసి తిన్నారా, బేటా?" అని అడిగింది. తిన్నామని అబద్ధం చెప్పాను. ఆ జొన్నలు ఆమె కూలికి వెళ్లి తెచ్చినవని తర్వాత చాలా కాలానికి తెలిసింది. క్షమాపణ కోరుకుందామంటే అప్పటికి ఆమె లేదు. నేడు పట్టణాల్లో మధుమేహ రోగులు ఆ జొన్నరొట్టెలనే వెతికి కొనుక్కుంటున్నారు.

మేనల్లుడికి ఇలా జవాబు రాశాను: "బేటా, తబర్రుక్ అనుకోవద్దు, అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి అనుకుని బిస్మిల్లాహ్ చెప్పి తిను. ముందుగా తెలిసినవారికి చూపించి, అది ఆ మొక్కే అని రూఢి చేసుకో. అందులో పిండిపదార్థానికి బదులు ఇనులిన్ అనే పదార్థం ఎక్కువ. అది మన కడుపులో జీర్ణం కాదు. పేగులలోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టడం వల్ల వాయువు పుడుతుంది. కనుక మొదట కొద్దిగానే వండుకోండి. చిన్న ముక్క మట్టిలో మిగిలినా మళ్లీ మొలుస్తుంది కాబట్టి తోటంతా అల్లుకోకుండా చూసుకో. కొన్ని దుంపలు పొరుగువారికి పంపు. పిల్లలు బాగాలేదంటే బలవంతం చేయకు. వంక పెట్టకుండా పక్కన ఉంచడం మాత్రం నేర్పు."

సోదరీమణులారా, సోదరులారా! ఈ రాత్రి దస్తర్‌ఖాన్ మీదకు ఏది వచ్చినా, నోరు విప్పే ముందు దానిని వండిన చేతులను ఒక్కసారి చూడండి. మన తల్లులను అల్లాహ్ కరుణించుగాక! ఆమీన్.