కళ్లు పరీక్షించేవాళ్లకూ పరీక్ష: చట్టం చదవడం ఇప్పుడే మొదలుపెట్టాలి

హోసూరులో మన సంఘం ఆఫీసుకి పోయిన నెల ఒక తండ్రి వచ్చాడు. కూతురు ఆప్టోమెట్రీ మూడో ఏడు చదువుతోంది. "డిగ్రీ అయ్యాక లైసెన్సు పరీక్ష కూడా రాయాల్సి వస్తుందంట, అందులో చట్టాలు అడుగుతారంట. కళ్లు చూసేదానికి చట్టమెందుకు సెక్రెటరీగారూ?" అన్నాడు. రవాణా శాఖలో గుమాస్తాగా ముప్పై ఏళ్లు ఫారాలు తిరగేసినవాణ్ని కాబట్టి ప్రశ్న నా దగ్గరికి వచ్చింది.

డాక్టర్లకు, నర్సులకు, ఫార్మసిస్టులకు ఎప్పటినుంచో జాతీయ కౌన్సిళ్లు ఉన్నాయి. ఆప్టోమెట్రిస్టులకు లేదు. నాలుగేళ్లు చదివినవాడూ, షాపులో ఆరు నెలలు పని నేర్చినవాడూ ఒకే రకం బోర్డు పెట్టుకున్నారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం దీన్ని మార్చింది. పది విభాగాల్లో యాభైకి పైగా వృత్తులను చేర్చి, ఆప్టోమెట్రిస్టునూ అందులో పెట్టింది. రిజిస్టరులో పేరు లేకుండా పని చేస్తే జరిమానా 50,000 రూపాయల దాకా ఉంటుంది. వృత్తి నీతి నియమాలు రాయడం, చదువు ముగించేవాళ్లకు దేశమంతా ఒకే పరీక్ష పెట్టడం కమిషన్ పనుల్లో ఉన్నాయి. అమలు మాత్రం నత్తనడకే. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికీ రాష్ట్రాలకూ అక్టోబరు 12 గడువు పెట్టాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆప్టోమెట్రీతో సహా పది కోర్సులకు ఉమ్మడి పాఠ్యప్రణాళిక విడుదలైంది. పాఠం ఒకటయ్యాక పరీక్ష ఒకటి కావడానికి దూరమెంత?

అమెరికాలో ఇది పాత సంగతి. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో ఆప్టోమెట్రిస్టు లైసెన్సు కావాలంటే ఆ రాష్ట్రపు చట్టాల మీద విడిగా పరీక్ష రాయాలి. అక్కడ స్థిరపడిన మన పిల్లలు రాసినదే.

సెక్షన్ల నంబర్లు బట్టీ కొడితే సరిపోతుందని మనవాళ్లు అనుకుంటారు. సరిపోదు. ఇలాంటి పరీక్షకు అసలు చదువు ఒక్కటే: నా చెయ్యి ఎక్కడ ఆగాలి? నా కౌంటరులో చూసినదే చెబుతాను. నలభై దాటినవాళ్లు, లారీ బస్సు లైసెన్సు కావలసినవాళ్లు ఫారం 1-ఎ తేవాలి. దాని మీద రిజిస్టరయిన డాక్టరు సంతకం ఉండాలి. కళ్లద్దాల షాపు ముద్రతో వచ్చిన ఫారాలు ఎన్ని తిప్పి పంపానో! డ్రైవరుకు ఒక రోజు కూలి పోయేది, తిట్లు నాకు పడేవి. ముద్ర వేసినవాడిది దుర్బుద్ధి కాదు. చూపు కొలిచింది నేనే కదా అనుకున్నాడు. కొలవడం ఒక పని, ధ్రువీకరించడం మరో పని.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, అద్దాలు పెట్టాక కూడా మెరుగైన కంటి చూపు 3/60 కంటే తక్కువైతే అంధత్వం. 6/18కి మించకుండా 3/60 దాకా ఉంటే అల్పదృష్టి. ఆ అంకె మొదట కనబడేది చాలాసార్లు ఆప్టోమెట్రిస్టుకే. ధ్రువపత్రం అతను ఇవ్వలేడు. కానీ "మీకు ధ్రువపత్రం వచ్చే అవకాశం ఉంది, ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి" అని చెప్పకపోతే ఆ ముసలాయన పెన్షను పోగొట్టుకుంటాడు. సంతకం చేస్తే తప్పు, చెప్పకపోయినా తప్పే.

కన్ను ఎర్రబడిందని వచ్చినవాడు స్టెరాయిడ్ చుక్కలు అడుగుతాడు. అవి డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందులు. ఎక్కువ రోజులు వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చు. "పాత కస్టమరు, ఎట్లా కాదంటాం" అనే మొహమాటం దగ్గరే నీతి పరీక్ష మొదలవుతుంది. అద్దాల నంబరు చీటీ సంగతీ అంతే. పరీక్ష చేసి, చీటీ ఇవ్వకుండా, అద్దాలు మా దగ్గరే చేయించుకోవాలని పట్టుబట్టే షాపులు ఉన్నాయి. అమెరికాలో 1978 నాటి నిబంధన ప్రకారం అడక్కుండానే చీటీ చేతికివ్వాలి. మన కమిషన్ నియమాల్లోనూ ఇది ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఇక భాష. నీట్‌లో తెలుగు ప్రశ్నపత్రం ఉంది, కానీ ఆంధ్ర, తెలంగాణ కేంద్రాలకే. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ పిల్లలకు లేదు. ఇక్కడా అదే జరుగుతుందేమోనని మన సంఘంలో కొందరి భయం. ఆప్టోమెట్రీ చదువంతా ఇంగ్లీషులోనే సాగుతుంది కాబట్టి ప్రశ్నపత్రం కోసం పట్టుబట్టడం వృథా అని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, ఉండనీయండి. మనం పట్టుబట్టాల్సింది రోగి భాష గురించి. కంట్లో చుక్కలు వేసి పాపను పెద్దది చేస్తే కొన్ని గంటలు చూపు మసకబారుతుంది. ఆ మాట ముందే అర్థమయ్యే భాషలో చెప్పకుండా తీసుకున్న సమ్మతి సమ్మతి ఎలా అవుతుంది? నీతి నియమాల్లో రోగికి తెలిసిన భాషలో వివరించాలని స్పష్టంగా రాయాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. కాబట్టి మన అర్జీ తెలుగులోనే వెళుతుంది. ముసాయిదా ఆఫీసులో ఉంది, చూసి సంతకాలు చేయండి.

ఆ అమ్మాయి పోయిన ఆదివారం తండ్రితో వచ్చింది. చట్టం ప్రతి ముందు పెట్టుకుని గంటన్నర కూర్చున్నాం, షెడ్యూలు దాకా వచ్చాం. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి మళ్లీ కూర్చుంటాం. ఈ చదువులో మీ పిల్లలుంటే పంపండి. ఒక నోటుపుస్తకం తెచ్చుకుంటే చాలు.