‘ఉంటా మరి’ అనని ప్రోగ్రామ్!

ఫోన్‌లో అవతలివాళ్లు ‘సరే, ఉంటా మరి’ అని పెట్టేస్తే మాట పూర్తయిందని అర్థం. ఆ మాట అనకుండానే లైన్ కట్ అయితే? సిగ్నల్ పోయిందో, చార్జింగ్ అయిపోయిందో తెలీదు. వెంటనే తిరిగి ఫోన్ చేస్తాం. మనం రాసే ప్రోగ్రాములు మాత్రం చాలాసార్లు ‘అయిపోయింది కాబోలు’ అని ఊరుకుంటాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకీ పాఠం గట్టిగానే తగిలింది. రాత్రిపూట వేరే సర్వర్ నుంచి ఫైల్ తెచ్చుకుని లెక్కలు కట్టే ప్రోగ్రామ్ రాశాను. ఒకరోజు లెక్క తేలలేదు. చూస్తే ఫైల్ సగమే వచ్చింది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు! మధ్యలో కనెక్షన్ తెగితే, నా కోడ్ ఫైల్ పూర్తయిందనుకుంది.

బ్రౌజర్‌లో కనిపించే ‘హెచ్‌టీటీపీఎస్’ వెనకుండే టీఎల్‌ఎస్‌లో దీనికి ఎప్పటి నుంచో మందు ఉంది. దాని పూర్వరూపమైన 1996 నాటి ఎస్‌ఎస్‌ఎల్ 3.0లోనే ‘క్లోజ్ నోటిఫై’ అనే సందేశం పెట్టారు. ‘నేను పంపాల్సింది ఇంతే’ అని చెప్పడమే దాని పని. అది ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది కాబట్టి మధ్యలో ఉన్నవాళ్లు దొంగది తయారుచేయలేరు. కింద ఉండే టీసీపీలో ముగింపు చెప్పే ‘ఫిన్’ ప్యాకెట్‌కు ఆ రక్షణ లేదు. దారిలో కాపు కాసినవాడు దొంగ ఫిన్ పంపి డేటాను సగంలో తుంచేయగలడు. ట్రంకేషన్ ఎటాక్ అంటే ఇదే.

ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. ‘ఎస్‌ఎస్‌ఎల్ షట్‌డౌన్’ ఫంక్షన్ 0 ఇస్తే అది ఎర్రర్ కాదు. మన వీడ్కోలు వెళ్లింది, అవతలివాళ్లది ఇంకా రాలేదని అర్థం. వాళ్లు పంపుతున్న మిగతా డేటా చదువుకుంటూ ఆగాలి. రెండువైపులా పూర్తయ్యాకే 1 వస్తుంది. 2021లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి, క్లోజ్ నోటిఫై లేకుండా కనెక్షన్ మూసేస్తే చదివేవైపు ఎర్రర్‌గానే చూపిస్తోంది. దాన్ని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ కూడా ఉంది. కానీ ఎర్రర్ గోల పడలేక ఆలోచించకుండా దాన్ని ఆన్ చేస్తే, మంట ఆర్పకుండా అలారం ఆపేసినట్టే.

‘చాలా సర్వర్లు ఆ సందేశం పంపనే పంపవు కదా’ అంటారా? నిజమే. అలాంటప్పుడు ఎంత డేటా రావాలో ముందే తెలియాలి. హెచ్‌టీటీపీలో ‘కంటెంట్ లెంగ్త్’ చెప్పినన్ని బైట్లు వచ్చాయో లేదో చూసుకుంటే చాలు. పొడవూ తెలీక, వీడ్కోలూ రాకపోతే ఆ డేటాను నమ్మకూడదు.

ఫ్రెషర్లకు నా మాట ఒక్కటే. ప్రాజెక్టులో కనెక్షన్ తెరవడం అందరూ చూపిస్తారు. మీరు డౌన్‌లోడ్ సగంలో ఉండగా సర్వర్‌ను ఆపేసి, మీ కోడ్ ఏమంటుందో చూడండి. ‘సక్సెస్’ అంటే పని ఇంకా మిగిలే ఉంది. ఆ పరీక్ష ఇంట్లోనే, ఈ రాత్రే చేసేయొచ్చు.