వసతిగృహమే ప్రయోగశాల

విద్యార్థుల వసతిగృహమును నిర్మించునపుడు మనము తరచుగా విస్మరించు విషయ మొకటి కలదు. కార్యాలయము పగలు నిండియుండి రాత్రి ఖాళీ యగును. వసతిగృహమున కిది తలక్రిందు. వైశాఖమాసపు టెండను పగలంతయు పీల్చుకొన్న కాంక్రీటు కప్పు, ఆ వేడిమిని సాయంకాలము మొదలుకొని అర్ధరాత్రి దాటువరకు లోనికి విడుచుచుండును గనుక, సరిగా ఆ వేళకే పడక చేరిన పిల్లవాడు దాని నంతను భరింపవలసి వచ్చును. కావున శక్తిని పొదుపు చేయదలచిన శిల్పి సౌరఫలకముల లెక్కకు పూనుకొనుటకు ముందే, కప్పుమీద నీడను, గదిలో అడ్డులేని గాలిని సాధింపవలెను.

ఈ సూత్రమును ఎనుబదియేండ్లకు పూర్వమే ఆచరించి చూపిన వసతిగృహము పుదుచ్చేరిలో కలదు. శ్రీ అరవిందాశ్రమ సాధకులకై ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన చేయగా, 1937లో పనులారంభమైన ఆ భవనమునకు, సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాము ప్రభుత్వమునుండి లభించిన విరాళమునకు గుర్తుగా, మన గోల్కొండ పేరే పెట్టిరి. దాని కప్పు రెండంతరువులు: సమతలమైన కాంక్రీటు కప్పుపై వంపు తిరిగిన పెంకులు పరచి, నడుమ గాలి యాడుటకు చోటు విడిచిరి. కిటికీ అద్దములకు మారుగా, ఉత్తర దక్షిణ ముఖముల పొడవునను అడ్డముగా తిరుగు రెక్కలను అమర్చిరి. ఆ రెక్కలు ఆస్బెస్టాస్ సిమెంటువి. ఆ పదార్థము నేడు వాడదగినది కాదుగాని, ఉపాయము మాత్రము నేటికిని శిరోధార్యమే. నివసించువాడు తన చేతితోనే రెక్కలను తిప్పి, ఎండను, వానను, గాలిని తన యిచ్చ వచ్చినట్లు నియమించుకొనును.

భవనమును కట్టి విడిచిన చాలదు. అది అనుకొన్నట్లు పనిచేయుచున్నదో లేదో కొలువవలెను. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయము 2007లో తెరచిన చిన్న వసతిగృహమున పదిమంది విద్యార్థులు నివసించుచునే, ఆ యింటినే తమ పరిశోధనకు వస్తువుగా చేసికొనిరి. అంతటి వ్యయము మనకు పనిలేదు. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్యాలయముల పరంపర తెలుగునాట నేడెంతగానో విస్తరించినది. ఆ ప్రాంగణములలో ఒకే తీరు భవనములు రెండున్నచోట, ఒకదాని కప్పుకు సున్నము పూసి, రెండవదానిని ఉన్నట్లే యుంచి, రెండింటను పై అంతస్తు గదులలో ఉష్ణమాపకములను వ్రేలాడదీసి, రాత్రి పదిగంటలకును, వేకువనును పిల్లలచేతనే అంకెలు వ్రాయించినచో, ఉష్ణప్రసారమను పాఠము వారికి అనుభవమునకు వచ్చును. అంతస్తునకొక విద్యుత్ మీటరు పెట్టినచో పంకాల ఖర్చును తేలును. అయితే గదిగదికిని మీటరు పెట్టి ఎవరెప్పుడు మేల్కొనిరో ఆరా తీయుట తగదు. కొలతల ప్రయోజనము భవనమును దిద్దుటయే గాని, పిల్లలపై నిఘా వేయుట కారాదు.

ఆ అంకెలు బీరువాలో మగ్గిపోయినచో ప్రయోగమంతయు వ్యర్థమే. వసతిగృహములకు నిధులు మంజూరుచేయు శాఖలు రానున్న వేసవికే ప్రతి జిల్లాలోను ఒక్క ప్రాంగణమునందైనను ఈ పని ఆరంభించి, పిల్లలు వ్రాసిన కొలతలను తరువాతి భవనముల నమూనాలు గీయు ఇంజనీర్ల చేతికి అందజేయవలెనని మా విన్నపము.