రంగు మార్చే అయస్కాంతం

మా మేనకోడలికి ఐదేళ్లు. పోయిన నెల ఒక రాత్రి మా చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, పిల్ల ఒళ్లు కాలిపోతోంది. నుదుటి మీద రంగు పట్టీ పెడితే ఆకుపచ్చగానే ఉంది. ఫర్వాలేదంటావా?" చంకలో మామూలు థర్మామీటర్ పెట్టి చూడమన్నాను. 102 దాటింది! అరగంటలో ఆస్పత్రిలో ఉన్నాం. ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది లెండి.

తప్పంతా పట్టీది కాదు. పైన ఫ్యాన్, నుదుటి మీద చెమట. అది చెప్పేది చర్మం వేడి, ఒంటి లోపలి వేడి కాదు.

ఆ పట్టీలో ఉండేది లిక్విడ్ క్రిస్టల్, అంటే ద్రవస్ఫటికం. ద్రవంలా పారుతుంది గానీ అణువులు ఒక వరసలో నిలబడతాయి. 1888లో ప్రాగ్‌లో రీనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక కొలెస్టరాల్ పదార్థాన్ని వేడిచేస్తే, 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మబ్బుగా కరిగింది, 178.5 దగ్గర తేటపడింది. రెండుసార్లు కరగడమేమిటి! ఆయనకు అంతుపట్టక ఒట్టో లేమన్‌కు ఉత్తరం రాశాడు. కథ అక్కడ మొదలైంది.

ఈ రకంలో అణువులు మెలి తిరిగిన మెట్లలా పేరుకుంటాయి. మెలిక ఎంత పొడవో దాన్నిబట్టి ఏ రంగు వెనక్కి తిరిగొస్తుందో తేలుతుంది. వేడి తగిలితే మెలిక మారుతుంది, రంగూ మారుతుంది. అద్దకం లేదు, నెమలి ఈక సంగతి లాంటిదే.

మరి వేడి బదులు అయస్కాంతమైతే? మామూలు ద్రవస్ఫటికాలను కదిలించాలంటే చాలా బలమైన అయస్కాంతం కావాలి. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ విశ్వవిద్యాలయంలో యాడాంగ్ యిన్ బృందం ఇంకో దారి పట్టింది. 2007లో ఐరన్ ఆక్సైడ్ నలుసుల్ని నీళ్లలో కలిపి అయస్కాంతం దగ్గరికి తెచ్చారు. నలుసులు వరసకట్టాయి. అయస్కాంతం దగ్గరయ్యేకొద్దీ వరసల మధ్య దూరం తగ్గి, రంగు ఎరుపు నుంచి నీలానికి జరిగింది. 2009లో అలాంటి వరసల్ని సన్నటి చుక్కల్లో పట్టి గట్టిపరిచారు. అయస్కాంతం తిప్పితే ఆ పూసలు తిరిగి రంగు చూపిస్తాయి, దాచేస్తాయి. 2014లో ఐరన్ ఆక్సైడ్ పుల్లలతో అసలైన ద్రవస్ఫటికాన్నే చేసి, బలహీనమైన అయస్కాంతంతోనే కాంతిని ఆపి, వదిలారు. నకిలీ సరుకు పట్టుకోవడానికి పనికొస్తుందని ఆశ.

ఇదంతా మేనకోడలికి చెప్పాను. వెంటనే ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి ఆ పట్టీకి ఆనించింది. రంగు మారలేదు. "మామయ్యా, అబద్ధం!" అంది. ఆ పట్టీలో ఇనుము లేదని చెప్పేసరికి నాకు తాతలు దిగొచ్చారు.