పాల భద్రతకు పశుదాణాయే కీలకం

పాల విషయంలో కల్తీయే ప్రధాన సమస్య అన్న అభిప్రాయం సర్వత్రా ఉన్నది. అయితే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో నిర్వహించి, 2019 అక్టోబరులో వెల్లడించిన జాతీయ సర్వే మరొక అంశాన్ని వెలుగులోకి తెచ్చింది. 1,103 పట్టణాలు, నగరాల నుంచి సేకరించిన 6,432 నమూనాలలో ప్రమాదకరమైన కల్తీ బయటపడినవి 12 మాత్రమే. అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితికి మించినవి 368, యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటినవి 77.

తేమ తగిలి బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్నలలో అఫ్లాటాక్సిన్ బి1 ఏర్పడుతుంది. కాలేయ క్యాన్సర్‌కు దారితీయగల ఈ విషపదార్థం పశువు శరీరంలో ఎం1గా మారి పాలలో చేరుతుంది. పాశ్చరీకరణకు ఇది నశించదు. పచ్చిపాలలో కంటె శుద్ధిచేసిన పాలలోనే ఈ సమస్య ఎక్కువగా కనిపించినట్లు సర్వే తెలిపింది. పాలలో దీని గరిష్ఠ పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు.

సమస్యకు మూలమైన దాణా వద్దకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 నేరుగా చేరదు. అందులోని ఆహార నిర్వచనంలో పశుదాణా లేదు. 18వ సెక్షను 3వ ఉపసెక్షను ప్రకారం రైతులకు, వ్యవసాయ కార్యకలాపాలకు, పశుసంపదకు చట్టం వర్తించదు. సహకార సంఘంలో సభ్యులై, పాలన్నీ సంఘానికే పోసే ఉత్పత్తిదారులకు రిజిస్ట్రేషను నుంచి సైతం మినహాయింపు కలదు. ఒకటి రెండు పశువులతో జీవనం సాగించే రైతులకు ఈ మినహాయింపులు అవసరమైన రక్షణ.

అందువల్ల క్షేత్రస్థాయి బాధ్యత ఇతర సంస్థలపై పడుతున్నది. మిశ్రమ దాణాకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2052 ప్రమాణాన్ని రూపొందించింది. చికిత్స పొందిన పశువు పాలను ఎన్ని రోజులు పోయరాదో రైతుకు తెలియజేయవలసినది పశువైద్యులు. మిగిలినది పాల సేకరణ వ్యవస్థ. గ్రామ కేంద్రంలో ధర సాధారణంగా వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్‌లను బట్టి నిర్ణయమవుతుంది. దాణాను పొడిగా నిల్వచేసిన రైతుకూ, బూజు పట్టినది వాడిన రైతుకూ లభించే ధరలో ఈ తేడా కనిపించదు. ఇరువురి పాలు శీతలీకరణ కేంద్రంలో ఒకే ట్యాంకులో కలుస్తాయి. ట్యాంకరు పరీక్షలో లోపం బయటపడినా, అది ఏ గ్రామం నుంచి వచ్చినదో తెలుసుకోవడం కష్టం.

గ్రామ కేంద్రాల వారీగా నమూనాలు భద్రపరచడం, పరీక్షించిన దాణాను సంఘాల ద్వారా సరఫరా చేయడం, లోపం కనిపించినప్పుడు ముందుగా దాణా నిల్వలను తనిఖీ చేయడం ఆచరణసాధ్యమైన చర్యలు. ఇవి లేనిచో తిరస్కరించిన పాల నష్టం, నాసిరకం దాణాను తెలియక కొన్న రైతుపైనే పడే ప్రమాదమున్నది.